బయానా పుచ్చుకునే ముందు ఇంట్లో ఒక మాట

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైన బ్యాండు వాళ్లవి, ఆర్కెస్ట్రా వాళ్లవి, లేదంటే వాళ్ల ఇంట్లో వాళ్లవి. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఇలాగే వస్తాయి, సీజన్లో ఎవరికీ రాసే తీరిక ఉండదు కదా. అన్నీ వెయ్యడానికి చోటు లేదు, ఐదు తీశాను. మొదటి దానికి జవాబు బాగా పెద్దదైంది, చాలామంది అడిగింది అదే కాబట్టి కుదించలేదు.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది గజపతినగరం దగ్గర పల్లె. పగలు విజయనగరంలో ఎలక్ట్రికల్ షాపులో చేస్తాను, రాత్రుళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఏడుగురం ఉంటాం, పెళ్లిళ్లు, అమ్మవారి పండగలు, చవితి పందిళ్లు, ఏది వస్తే అది. పెళ్లయి నాలుగేళ్లు, ఒక పాప. సీజన్ వస్తే చాలు ఇంట్లో రోజూ గొడవే. పాప మొదటి పుట్టినరోజుకి నేను పార్వతీపురంలో స్టేజీ మీద ఉన్నాను, మొన్న మా బావమరిది గృహప్రవేశానికి వస్తానని చెప్పీసి ఆఖర్న సాలూరు ప్రోగ్రాం ఒప్పుకున్నాను. "ఇది ఇల్లా లాడ్జా, బట్టలు మార్చుకోడానికి వచ్చీసి ఎల్లిపోతావు" అంటాది. బ్యాండు మానీమంటాది. మా వాళ్లేమో నువ్వు మానితే బ్యాండే పోతాది అంటారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు కీబోర్డు వాయించడం మీ ఆవిడకి ఇష్టం లేదని అందులో ఎక్కడా లేదు. పుట్టినరోజు ఉంది, గృహప్రవేశం ఉంది, బట్టలు మార్చుకోడం ఉంది. ఒక ప్రోగ్రాం కుదిరిందంటే ముందు పార్టీకి తెలుస్తుంది, తర్వాత మీ మేనేజరుకి, ప్యాడ్ వాయించే అబ్బాయికి, వ్యాను డ్రైవరుకి, సౌండు సిస్టమ్ వాడికి తెలుస్తుంది, ఇంట్లో మనిషికి మాత్రం నువ్వు స్టేజీ కోటు ఇస్త్రీకి తీసినప్పుడు తెలుస్తుంది. బ్యాండు వాళ్ల ఇళ్లు నేను చాలా చూశాను, గొడవ ఎక్కువగా పుట్టేది ఇక్కడే. రాత్రి రెండింటికి రావడానికైనా సర్దుకుంటారు గానీ అందరికంటే ఆఖర్న తెలియడానికి ఎవరూ సర్దుకోలేరు.

మానీమని నేను చెప్పను. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరు విజయనగరం, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ చెప్పారు, ఘంటసాలగారు కుర్రతనంలో అక్కడికి వచ్చి ఇంటింటికీ తిరిగి మధుకరం తెచ్చుకుని తింటూ పాట నేర్చుకున్నారు. అలాంటి చోట చేతిలో విద్య ఉన్నవాణ్ణి ఖాళీగా కూర్చోమనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఘంటసాలగారు అప్పుడు ఒంటరి కుర్రాడు, ఆ కష్టం ఆయనొక్కడే పడ్డాడు. నీ వాయిద్యానికి అయ్యే ఖర్చు నీతోపాటు ఇద్దరు కడుతున్నారు, అందులో ఒకరికి ఇంకా మాటలు కూడా సరిగ్గా వచ్చి ఉండవు.

ముందు పంచాంగం తియ్యి. మన పని మీద నాకు బాగా నచ్చే విషయం ఇదే, ఆస్పత్రి నర్సుకీ రైల్వే వాడికీ డ్యూటీ ఎప్పుడు మారుతుందో తెలీదు గానీ మనకి ముహూర్తాలు ఉగాది నాడే చేతిలో ఉంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లుండవు, గురు మూఢం శుక్ర మూఢం వస్తే ఉండవు, అధిక మాసం వస్తే ఉండవు, 2026నే చూడు, మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడి ఎండాకాలం సీజన్ మధ్యలో నెల రోజులు తెగిపోయింది. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా చవితి పందిళ్లు ఉంటాయి, దసరా వెళ్లాక విజయనగరంలో సోమవారం తొలేళ్లు, మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఆ రెండు రోజులూ చుట్టుపక్కల ఏ వాయిద్యగాడూ ఇంట్లో ఉండడు. ఇదంతా నీకు తెలిసిందే, మీ ఆవిడకి ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పావా? గోడ మీద క్యాలెండరు దించి ఇద్దరూ కూర్చుని ముహూర్తాలన్నీ ఒక రంగు పెన్నుతో చుట్టండి, ఇంటి తేదీలు ఇంకో రంగుతో చుట్టండి, ఇంటివి ముందు చుట్టండి. పాప పుట్టినరోజు, మీ పెళ్లిరోజు, అత్తారి ఊళ్లో అమ్మవారి పండగ. ఆ మూడోది చిన్నదనుకోకు, మన వైపు అమ్మవారి పండగకి అల్లుడు రాకపోతే కూతురికి నలుగురిలో ఎంత చిన్నతనమో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తేదీల్లో ఎవరు ఫోన్ చేసినా "ఆ రోజు ఖాళీ లేదండీ" అను, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా ఆఖరి నిమిషంలో పిలుపులు వస్తూనే ఉంటాయి, ఇంకో బ్యాండు వాళ్లు హ్యాండిచ్చారని రెట్టింపు ఇస్తామంటారు, అప్పుడు మాత్రం పార్టీ లైన్లో ఉండగా ఒప్పుకోకు. "అరగంటలో చెప్తాను" అని పెట్టీసి ఇంటికి ఫోన్ చెయ్యి. పెళ్లాం పర్మిషన్ అడుగుతున్నాడని మీ కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీ. బయానా చేతిలో పడ్డాక అడిగితే అది అడగడం కిందకి రాదు.

నువ్వు మానితే బ్యాండు పోతాది అంటున్నారంటే ఆ బ్యాండు సరిగ్గా కట్టలేదని అర్థం. ఒక మనిషికి జ్వరం వస్తే ప్రోగ్రాం ఆగిపోయే బ్యాండుని నమ్ముకుని ఏడు కుటుంబాలు బతకకూడదు. నీ బదులు వాయించే కుర్రాణ్ణి ఒకణ్ణి తయారుచెయ్యి. టోన్లు, స్టైల్స్ అన్నీ పెన్‌డ్రైవులో వేసి ఉంచు, ఏ పాట ఏ శృతిలో, మీ ఆడ సింగరుకి ఎంత తగ్గించాలి, మెడ్లీలో ఏ పాట నుంచి ఏ పాటకి దిగుతారు, అవన్నీ పుస్తకంలో రాసిపెట్టు. వాడు వెళ్లిన రోజు నీ వాటా మొత్తం వాడికే ఇచ్చీ, అందులో కొంత ఉంచుకోవద్దు. వాడు నీకంటే బాగా వాయిస్తాడేమో అన్న భయం కీబోర్డు ప్లేయర్లందరికీ ఉంటుంది, ఆ భయంతోనే పిల్లల పుట్టినరోజులు పోగొట్టుకుంటారు.

డబ్బు సంగతి. సీజన్లో ఎంత వచ్చింది, అందులో పెట్రోలుకి, టీలకి, టిఫిన్లకి, కీబోర్డు ఈఎంఐకి ఎంత పోయింది, మీ ఆవిడకి తెలుసా? చాలా ఇళ్లలో తెలీదు. మనిషి లేకపోవడం ఒక్కటే కనపడుతుంది, డబ్బు కనపడదు. ప్రతి ప్రోగ్రాం మర్నాడు ఇంట్లో ఒక భాగం ఇంత అని అనుకుని ఇచ్చీ, పుస్తకంలో ఆవిడ చేత్తోనే రాయించు. బయానా మాత్రం ప్రోగ్రాం అయ్యేదాకా ముట్టుకోకు, పెళ్లి ఆగినా నీకు కుదరకపోయినా అది తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, అది ఖర్చు పెట్టీసినవాడే ఇంట్లో ఎంత అవసరం ఉన్నా కాదనలేక స్టేజీ ఎక్కుతాడు.

ఇంకోటి, ఇది నువ్వు అడగలేదు గానీ నాకు అన్నిటికంటే భయం దీని గురించే. పొద్దున్న ఏడింటికి లేచి షాపు చేసి, రాత్రి ప్రోగ్రాం చేసి, ఒంటిగంటకి సాలూరు నుంచి బైకు మీద బయల్దేరుతున్నావు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడిలా పనిచేస్తాయని 1997లోనే పరీక్ష పెట్టి చూశారు, మన చట్టంలో బండి నడపడానికి ఉన్న హద్దు 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. నువ్వు చుక్క ముట్టకపోయినా తాగినవాడితో సమానం, దానికి తోడు ఎదురుగా లారీల లైట్లు. వ్యాను ఉంటే వ్యానులో రా, లేకపోతే పెళ్లివారి విడిదిలోనే చాప వేసుకుని పడుకుని తెల్లారాక బయల్దేరు. "పొద్దున్న ఆరింటికి వస్తాను" అని ముందే చెప్తే ఆవిడ కూడా పడుకుంటుంది, "వచ్చేస్తున్నా" అని ఒంటిగంటకి చెప్తే నువ్వు వచ్చేదాకా కూర్చుంటుంది.

గృహప్రవేశం విషయం అలా వదలకు. ఒక ఆదివారం పాపనీ ఆవిణ్ణీ తీసుకుని ఆ కొత్త ఇంటికి వెళ్లు, బావమరిదికి బట్టలు పెట్టు. ఆవిడ పుట్టింటి వాళ్ల ముందు తలెత్తుకునేలా చేస్తే సగం కోపం అక్కడే పోతుంది. మీ ఊరికి దగ్గరలో, త్వరగా అయిపోయే గుడి ప్రోగ్రాం ఏదైనా ఉంటే ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టి వాయించు. నాలుగేళ్లలో నువ్వు స్టేజీ మీద ఎలా ఉంటావో ఆవిడ చూసిందో లేదో నువ్వు రాయలేదు.

ప్రశ్న: మాస్టారుగారికి నమస్కారాలు. మాది ఆమదాలవలస దగ్గర. మా ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తారు, చాలా బాగా వాయిస్తారని అందరూ అంటారు. బ్యాండుకి వెళ్లిన ప్రతిసారీ తాగి వస్తారు, పార్టీ వాళ్లే పోస్తారంట, ఊరేగింపులో మధ్యలో కూడా ఇస్తారంట. డబ్బులు ఇంటికి సగమే వస్తాయి. బ్యాండు మానితే తాగుడు మానుతాడు అని మా అత్త అంటుంది. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ అత్తగారు కొడుకు బాగుకోరే అన్నారు గానీ నాకు అలా అనిపించడం లేదు. క్లారినెట్ మానిపిస్తే ఆయనకి పేరు తెచ్చేది పోతుంది, తాగుడు వేరే చోట దొరుకుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి కాబట్టి విడదియ్యాలి.

బ్యాండు మాస్టరుతో మీరో మీ మావగారో మాట్లాడండి. మంచి మేళాల్లో ఒక కట్టుబాటు ఉంటుంది, బయల్దేరిన దగ్గర్నుంచి డబ్బులు పంచుకునేదాకా ఎవరూ ముట్టకూడదు, పార్టీతో మాట్లాడేటప్పుడే "మాకు భోజనం పెట్టండి, మందు వద్దు, ఆ డబ్బు రేటులో కలపండి" అని చెప్తారు. ఊదే వాయిద్యానికి తాగుడు అసలు పడదు, పెదవి పట్టు తప్పుతుంది, నోరు ఎండుతుంది, దమ్ము నిలవదు, ఆ మాట మాస్టరు చెప్తే ఆయన వింటారు, మనం చెప్తే వినరు. వాటా చేతికి నగదుగా ఇవ్వకుండా మర్నాడు పొద్దున్న ఫోన్‌పేలో మీ అకౌంటుకి వెయ్యమని అడగండి. రాత్రి చేతికిచ్చిన డబ్బు రాత్రే పోతుంది.

ఇదంతా బ్యాండు రోజుల్లో మాత్రమే తాగే మనిషి గురించి. బ్యాండు లేని ఆషాఢంలో కూడా రోజూ తాగుతున్నారంటే మాత్రం సంగతి వేరు, అది జబ్బు. అలాంటప్పుడు ఒక్కసారిగా మానిపించకండి, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, డాక్టరు దగ్గరుండి మానిపించాలి. ప్రభుత్వం వారి 14446కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లో మానిపించే సెంటరు ఎక్కడుందో చెప్తారు, ఖర్చు ఉండదు. చెయ్యి చేసుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు. చేసుకుంటుంటే ఇవేవీ ముందు చెయ్యకండి, 181కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్ల కోసమే ఉన్న నంబరు.

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళంలో డిగ్రీ ఫైనలియర్. రెండేళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను, మా అమ్మ తోడు వస్తుంది. సంబంధం కుదిరింది, అబ్బాయి మంచివాడే, నా పాటలు ఫోన్లో వింటాడు. వాళ్ల అమ్మగారు పెళ్లయ్యాక స్టేజీలు వద్దు అన్నారంట. అబ్బాయిని అడిగితే "అవన్నీ తర్వాత చూద్దాంలే" అంటున్నాడు. ముహూర్తం ఇంకా పెట్టలేదు. గట్టిగా అడిగితే సంబంధం పోతుందని నాన్న భయపడుతున్నారు.

జవాబు: తల్లీ, ముహూర్తం పెట్టకముందే అడుగు. తర్వాత చూద్దాం అన్నది జవాబు కిందకి రాదు, అది వాళ్ల అమ్మగారి మాటనే మెత్తగా చెప్పడం. పెళ్లయ్యాక ఆ మాట తిరగెయ్యడానికి నువ్వు ఒక్కదానివే ఉంటావు, ఇప్పుడైతే మీ అమ్మ, నాన్న, పెద్దలు ఉన్నారు.

అడిగేటప్పుడు "పాడనిస్తారా లేదా" అని అడగకు, దానికి ఎవరైనా సరే అనీస్తారు. లెక్కగా అడుగు. నెలకి ఎన్ని ప్రోగ్రాములు, ఎంత దూరం, రాత్రి ఎన్నింటికి ఇంటికి చేరాలి, తోడు ఎవరు వస్తారు, నువ్వు వస్తావా, ఆ డబ్బు ఎవరి అకౌంటులో పడుతుంది, పిల్లలు పుట్టాక ఎప్పుడు మళ్లీ మొదలెట్టొచ్చు. ఇలా అడిగితే అబ్బాయి మనసులో నిజంగా ఏముందో బయటపడుతుంది. అత్తగారి భయం కూడా కొట్టిపారెయ్యకు, ఆవిడ కళ్ల ముందు స్టేజీ అంటే అర్ధరాత్రి, తాగి కేకలేసే జనం, సింగర్ని డాన్సు కూడా వెయ్యమనే పార్టీలు. అవి లేవని నేను అనను. గుడి ఉత్సవాలు, కాలేజీ ఫంక్షన్లు, రిసెప్షన్లు ఒప్పుకుంటాను, మిగతావి ఒప్పుకోను అని నువ్వే గీత గీసి చూపిస్తే ఆవిడ కాస్త మెత్తబడొచ్చు. ఒకసారి మీ అమ్మతో పాటు ఆవిణ్ణి ఒక ప్రోగ్రాంకి పిలువు.

పి.సుశీలగారు విజయనగరంలో 1935లో పుట్టారు, అక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు, 1957లో పెళ్లయింది, మనం ఈ రోజుకీ వినే పాటల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత పాడినవే. మీ కాబోయే అత్తగారి ఇంట్లో కూడా ఆ పాటలు మోగే ఉంటాయి. నాన్నగారి భయం నాకు అర్థమైంది, ఆడపిల్ల తండ్రి, భయం సహజం. అయినా ఒక ప్రశ్నకి పోయే సంబంధం పెళ్లికి ముందు పోవడమే నయమని నేను ఆయనకి ముఖాముఖీ కూడా చెప్తాను.

ప్రశ్న: మాస్టారూ, డ్రమ్స్ వాయిస్తాను, బొబ్బిలి. ప్రోగ్రాం మర్నాడు చెవుల్లో గుయ్యిమని రొద. ఈ మధ్య మా ఆవిడ పిలిస్తే పలకడం లేదని అలుగుతోంది. నిజంగా నాకు వినపడలేదు అంటే నమ్మదు.

జవాబు: నమ్మమని ఆవిడకి ఈ పేజీ చూపించు. శబ్దం వల్ల చెవి పాడైతే సన్న శబ్దాలు ముందు పోతాయి, స, ష, త, క లాంటివి, ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. అందుకే ఇంట్లో వాళ్లకి నిర్లక్ష్యం లాగా కనపడుతుంది, దీనివల్ల వచ్చిన అలకలు చాలా ఉన్నాయి.

అమెరికాలో నియోష్ అని పనిచోటుల భద్రత చూసే సంస్థ ఉంది, వాళ్ల లెక్క ఏంటంటే 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు, అక్కణ్ణుంచి 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ టైము సగం అవుతుంది, 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. నీ సింబల్స్, వెనకాల మానిటరు, పక్కన డీజే బాక్సులు, నువ్వు ఆ 15 నిమిషాలు మొదటి మూడు నాలుగు పాటల్లోనే దాటిపోతావు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, ఈ సీజన్ నుంచే పెట్టుకో, మొదట్లో బ్యాండు దూరంగా వినపడుతున్నట్టు ఉంటుంది, అలవాటవుతుంది. దూది పెడితే ఆగదు. పోయిన వినికిడి తిరిగి రాదు కాబట్టి ఇప్పుడే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకో, మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు, డాక్టరు నోటి నుంచి వింటే అలక తీరుతుంది. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే రేపు చూద్దాం అనుకోకు, ఆ రోజే వెళ్లు.

ప్రశ్న: మా మేడ మీద బ్యాండు ప్రాక్టీసు చేస్తాం, ఆదివారాలు, కొన్నిసార్లు రాత్రుళ్లు. మా అబ్బాయి టెన్త్. పక్కింటి వాళ్లు పోలీసులకి చెప్తామంటున్నారు. చెయ్యొచ్చా చెయ్యకూడదా?

జవాబు: రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా మైకులు, బాక్సులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, డ్రమ్సు పెడితే పగలు కూడా అది దాటుతుంది. పక్కింటి వాళ్లది తప్పేం లేదు, ముందు వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి. ముహూర్తాలు లేని రోజుల్లో కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, మీరు ఎప్పుడూ వాయించే మండపం ఓనర్ని అడిగితే కరెంటు ఖర్చుకి ఇవ్వొచ్చు. మేడ మీదే చెయ్యాలంటే కీబోర్డు, ప్యాడ్ హెడ్‌ఫోన్లలో పెట్టుకోండి, డ్రమ్ముల మీద రబ్బరు ప్యాడ్లు వేసుకోండి. అబ్బాయి సంగతి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ నాకు అదే ముఖ్యం, టెన్త్ పరీక్షలు మార్చిలో, జనవరి నుంచీ ప్రాక్టీసు మీ ఇంట్లో వద్దు, మీ బ్యాండులో ఇంకెవరి మేడైనా చూడండి, ఎవరిదీ లేకపోతే ఆ మూడు నెలలూ కొత్త పాటలు తీసుకోకుండా వచ్చినవే వాయించండి.